టెలిస్కోప్ సామాన్లా? ముందు క్యాంపులో వెతకండి... తరువాతే కొట్టుకు!

"తమ్మీ, మీకు ఇంగ్లీషు వస్తది గదా, ఈ పుస్తకంల ఏముందో జర చదివి చెప్పుండ్రి."

2025 జనవరిలో ఒక సాయంత్రం, సోనాపూర్ క్యాంపు నుంచి నిజామాబాద్ జిల్లా మేస్త్రీ అన్న ఒకాయన ఇంటర్నేషనల్ సిటీలోని మా రూముకు వచ్చి అన్న మాట ఇది. భుజం మీద పెద్ద అట్టపెట్టె. విప్పి చూద్దుము కదా, కంప్యూటర్ టెలిస్కోప్! దుబాయ్ విడిచి వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దగ్గర 600 దిర్హాములకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట.

ఎందుకన్నా అని అడిగితే, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన సంగతి ఎత్తాడు. ఆ రోజు ఊళ్ళో ఆయన కూతురు టీవీలో చూసింది. మనకు ఇక్కడ అప్పుడు సాయంత్రం నాలుగున్నర, అన్న డ్యూటీలో ఉన్నాడు. రాత్రి ఫోన్ చేస్తే ఆ పిల్ల, "నాన్నా, చంద్రుణ్ణి దగ్గర నుంచి చూడాలి" అందట. ఇప్పుడు తొమ్మిదో తరగతి. మే నెలలో లీవుకు వెళ్ళేటప్పుడు దీన్ని తీసుకువెళ్ళాలని అన్న ఆశ. సామాన్ల కోసం ఇంకో 300 దిర్హాములు పక్కన పెట్టుకున్నాడు. అవన్నీ ఓవర్ టైమ్ డబ్బులు.

మేము ముగ్గురం ఆఫీసుల్లో క్లర్కులం. టైపు చేయడం తెలుసు గాని చుక్కల సంగతి తెలియదు. అయినా పరువు కోసం "అలాగే అన్నా, మేము చూసుకుంటాం" అన్నాం. ఆ తరువాత ఏం జరిగిందో, ఏం నేర్చుకున్నామో చెబితే మన సోదరుల్లో ఇంకొకరి డబ్బు మిగులుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము చేసిన మొదటి తప్పు

పెట్టెలో ఉన్నవి టెలిస్కోప్ గొట్టం, దాన్ని తిప్పే మోటారు చెయ్యి, మూడు కాళ్ళ స్టాండు, రిమోట్ లాంటి హ్యాండ్ కంట్రోల్, కంటి దగ్గర పెట్టుకునే ఐపీస్ ఒక్కటి. కొత్తది కొన్నప్పుడు రెండు ఐపీసులు వస్తాయి. రెండోది ఎక్కడో పోయింది. కరెంటు అడాప్టర్ కూడా లేదు.

అడాప్టర్ లేదు కాబట్టి ముందు అడాప్టర్ కొనాలి. ఆ మాత్రం తెలివి మాకు లేకపోయింది. ఒక కొట్టులో వెండి రంగు పెట్టె కనిపించింది. అందులో ఐదు ఐపీసులు, ఏడు రంగు గాజులు, మొత్తం పన్నెండు సామాన్లు. చూడగానే మతి పోయింది. 180 దిర్హాములు పెట్టి కొనేశాం. అన్న డబ్బులో సగానికి పైగా అక్కడే అయిపోయింది.

ఆ పన్నెండింటిలో ఇప్పటికి పనికి వచ్చింది ఒక్కటే. ఆ పెట్టె చెడ్డదని కాదు, ముందు కావలసింది అది కాదు. కొత్తగా పెళ్ళయినవాడు స్టవ్ కొనకుండా పన్నెండు రకాల గరిటెలు కొన్నట్లయింది మా పని.

కంప్యూటర్ టెలిస్కోప్‌కు ముందు కావలసింది కరెంటు

మామూలు టెలిస్కోప్‌ను చేత్తో తిప్పుకుంటాం. ఇది అలా కాదు. రిమోట్ మీద "జూపిటర్" అని నొక్కితే మోటార్లు తిరిగి గురుగ్రహం వైపు చూపిస్తాయి. భూమి తిరుగుతుంటే ఆ వేగానికి సరిపడా తానూ కదులుతూ గ్రహం జారిపోకుండా పట్టుకుంటుంది. ఇదంతా కరెంటు ఉంటేనే.

అన్న కొన్నది సెలెస్ట్రాన్ కంపెనీ నెక్స్‌స్టార్ 130 ఎస్ఎల్‌టీ. దీనికి ఎనిమిది పెన్సిల్ బ్యాటరీలు పడతాయి. మోటార్లు వాటిని నీళ్ళలా తాగేస్తాయి. మేము వేసిన మొదటి సెట్టు రెండో రాత్రికే చచ్చిపోయింది. చార్జ్ తగ్గితే టెలిస్కోప్ వెంటనే ఆగిపోదు, పిచ్చి పిచ్చిగా తిరుగుతుంది. మనమేమో మిషన్ పాడైందనుకుంటాం.

కాబట్టి మొదట కొనవలసింది 12 వోల్టుల డీసీ అడాప్టర్. పిన్ను లోపలి వైపు ప్లస్, బయట వైపు మైనస్ ఉండాలి. తిరగబడితే టెలిస్కోప్ లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. ఈ సంగతి చెప్పింది మేము కాదు, అన్న రూములోనే ఉండే కరీంనగర్ ఎలక్ట్రీషియన్ తమ్ముడు. తన మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ, ప్లస్సు మైనస్సు చూసి, "ఇప్పుడు పెట్టుకోండి" అన్న తరువాతే పెట్టాం. అడాప్టర్‌కు 30 దిర్హాములు అయింది.

మొబైల్ పవర్ బ్యాంకుతో నడుస్తుందా అని చాలామంది అడిగారు. మామూలు పవర్ బ్యాంకు 5 వోల్టులు ఇస్తుంది, కాబట్టి నేరుగా పనికి రాదు. 12 వోల్టులు ఇచ్చే ప్రత్యేకమైన బ్యాటరీ పెట్టెలు ఉన్నాయి గాని ఖరీదు ఎక్కువ. పైగా ఇంటికి తీసుకెళ్ళాలంటే విమానం సంగతి చూసుకోవాలి. లిథియం పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. ఎమిరేట్స్ వారైతే 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్కటే, అదీ 100 వాట్-అవర్ల లోపుదే అని నిబంధన పెట్టారు. అందుకే అన్నకు మేము చెప్పింది ఇది: బ్యాటరీ ఇక్కడ కొనవద్దు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీ ఊళ్ళోనే దొరుకుతుంది. అడాప్టర్ మాత్రం ఇక్కడిది అక్కడా పనిచేస్తుంది. ప్లగ్గు ఆకారమే తేడా, ఒక కన్వర్టర్ పెట్టుకుంటే సరి.

తేదీ తిరగబడితే ఆకాశమే తిరగబడుతుంది

2025 ఫిబ్రవరి 5, బుధవారం. ఆకాశంలో సగం చంద్రుడు. గురుడు నడినెత్తిన, అంగారకుడు తూర్పున, శుక్రుడు పడమట వెలిగిపోతున్నారు. ఇంతకన్నా మంచి రోజు ఏముంటుంది? వాచ్‌మన్‌ను అడిగి క్యాంపు వెనక ఖాళీ జాగాలో స్టాండు వేశాం. పదిహేను మంది గుమిగూడారు.

టెలిస్కోప్ తానెక్కడుందో, ఏ రోజో, ఎంత టైమో మనమే చెప్పాలి. ఆ తరువాత బాగా వెలిగే మూడు చుక్కలనో గ్రహాలనో చూపిస్తే మిగతా ఆకాశం అంతా తనే లెక్క కట్టుకుంటుంది. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. మేము తేదీ 05/02 అని కొట్టాం. "అలైన్‌మెంట్ ఫెయిల్డ్" అంది. మళ్ళీ చేశాం, మళ్ళీ అదే మాట. గంట గడిచింది. తెల్లారి నాలుగింటికి డ్యూటీ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అన్న ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ అనిపించింది.

రూముకు వచ్చి పుస్తకం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. ఇది అమెరికా పద్ధతి, ముందు నెల, తరువాత రోజు. మేము కొట్టిన 05/02 దానికి మే రెండో తారీఖు! మూడు నెలలు తేడా వస్తే రాత్రి ఆకాశం దాదాపు ఆరు గంటలు జరిగిపోయినట్లే. పాపం అది ఫెయిల్ అవక ఏం చేస్తుంది? రోజూ ఆఫీసులో తేదీలు టైపు చేసేవాళ్ళం, మేమే తప్పు చేశాం.

మీరు ఒక కాగితం మీద ఇది రాసుకుని పెట్టె మూతకు అంటించండి: తేదీ నెలతో మొదలు. దుబాయ్ టైమ్ జోన్ ప్లస్ 4. ఎండాకాలంలో గడియారం మార్చే పద్ధతి ఇక్కడ లేదు, కాబట్టి స్టాండర్డ్ టైమ్. ఇంటర్నేషనల్ సిటీ, సోనాపూర్ ప్రాంతాలు ఉత్తరం 25 డిగ్రీలు, తూర్పు 55 డిగ్రీల మీద ఉన్నాయి, మిగిలిన నిమిషాలు ఫోన్ మ్యాపులో దొరుకుతాయి. ఇండియా వెళితే ఊరు, టైమ్ జోన్ రెండూ మార్చాలి. ఈ కాగితం ఖరీదు సున్నా, కాని మేము కొన్న పన్నెండు సామాన్ల పెట్టె కన్నా విలువైనది.

మేస్త్రీ గారి రసమట్టం

తరువాతి సెలవు రోజున మళ్ళీ వేశాం. ఈసారి అలైన్‌మెంట్ అయింది. కాని గురుడిని నొక్కితే గురుడు కాస్త పక్కకు వస్తున్నాడు, చూస్తుండగానే వణుకుతున్నాడు. అప్పుడు అన్న లేచి, "స్టాండు మట్టంల లేదు తమ్మీ" అన్నాడు. రూములోకి వెళ్ళి తన రసమట్టం తెచ్చాడు. బుడగ నడిమికి వచ్చేదాకా మూడు కాళ్ళూ సవరించాడు. ఇసుకలో కాళ్ళు దిగబడకుండా కింద మూడు టైల్స్ ముక్కలు పెట్టాడు. స్టాండు కాళ్ళు పూర్తిగా సాగదీయవద్దన్నాడు. పొట్టిగా ఉంటే ఊగదు గదా, పరంజాకు ఎంతో దీనికీ అంతే అని ఆయన లెక్క.

ఆ పక్కన మా ఇంటర్మీడియట్ చదువు ఎందుకూ కొరగాలేదు. వణుకు తగ్గించే ప్రత్యేకమైన ప్యాడ్లని కొట్లలో అమ్ముతారు. ఆ పని మూడు టైల్స్ ముక్కలు చేశాయి.

ఆ రాత్రి అన్న మొదటిసారి చంద్రుణ్ణి చూశాడు. గుంటలు, గుంటల అంచుల నీడలు. చాలాసేపు కన్ను తీయలేదు. వెనక లైనులో ఉన్నవాళ్ళు "మామా, మాకూ ఒకింత చూపియ్యరాదు" అనేదాకా అలాగే ఉన్నాడు.

హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ ఉంది, చాలామంది పేరు విని ఉంటారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ తెప్పించి దాన్ని మొదలుపెట్టారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ పెద్ద టెలిస్కోప్ మాత్రం 1922లో గాని సరిగ్గా నిలబడి పనిలోకి రాలేదు. నవాబుగారి టెలిస్కోప్‌కే గొట్టం కొనడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు అయింది. మన అన్న నిలబెట్టింది రెండో రాత్రికే!

ఐపీస్ ఎన్ని కొనాలి? లెక్క చిన్నదే

టెలిస్కోప్ గొట్టం మీద ఫోకల్ లెంగ్త్ అని రాసి ఉంటుంది. అన్న దాని మీద 650 మిల్లీమీటర్లు. ఐపీస్ మీద కూడా అంకె ఉంటుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది. 25 ఐపీస్ పెడితే 26 రెట్లు, 9 పెడితే 72 రెట్లు, 6 పెడితే 108 రెట్లు.

అంకె చిన్నదైతే బొమ్మ పెద్దదవుతుంది గాని మసక కూడా పెరుగుతుంది. టెలిస్కోప్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు రెట్లు దాటితే లాభం లేదు. 130 మిల్లీమీటర్ల దానికి 260 రెట్లు హద్దు. గాలి కదులుతుంటే, దుమ్ము ఉంటే అంత కూడా పనికి రాదు. "500 రెట్లు" అని డబ్బా మీద ఉంటే నమ్మవద్దు.

మొదట రెండు చాలు. వస్తువును వెతకడానికి 25, దగ్గరగా చూడడానికి 6 నుంచి 10 లోపు ఒకటి. మా వెండి పెట్టెలో 6 ఐపీస్ ఒక్కటే అన్నకు ఉపయోగపడింది. దాన్ని విడిగా కొని ఉంటే సరిపోయేది. లేదా 2ఎక్స్ బార్లో లెన్స్ ఒకటి కొంటే ఉన్న ప్రతి ఐపీస్ శక్తి రెట్టింపు అవుతుంది, 25 తో 52 రెట్లు వస్తాయి. శనిగ్రహం ఉంగరం చూడడానికి ఆ మాత్రం సరిపోతుంది.

మీది వేరే మోడల్ అయితే ముందు ఈ లెక్క చేయండి. నెక్స్‌స్టార్ 4ఎస్ఈ ఫోకల్ లెంగ్త్ 1325. దానికి 25 తోనే 53 రెట్లు వస్తాయి. దానికి బార్లో కన్నా 32 ఐపీస్ మంచిది, ఆకాశం వెడల్పుగా కనిపిస్తుంది. ఒకరికి మంచిదైన సామాను ఇంకొకరికి దండగ కావచ్చు. ఐపీస్ గొట్టం కొలత కూడా చూసుకోండి, మనవాళ్ళు కొనే టెలిస్కోపులకు ఎక్కువగా పట్టేది ఒకటింపావు అంగుళం.

ఇది మాత్రం విరగ్గొట్టి పారేయండి

మా పెట్టెలో ఐపీస్‌కు బిగించే చిన్న నల్లగాజు ఒకటి ఉంది, దాని మీద "సన్" అని రాసి ఉంది. సోదరులారా, దయచేసి వినండి. టెలిస్కోప్ సూర్యుడి వేడినంతా ఒకచోటికి చేరుస్తుంది. ఐపీస్ దగ్గర పెట్టిన ఆ గాజు వేడికి పగిలిందంటే కన్ను తిరిగి రాదు. మేము దాన్ని సుత్తితో కొట్టి చెత్తలో వేశాం. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు వైపు పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ కావాలి. గురి చూసే ఫైండర్‌కు కూడా మూత పెట్టాలి. 2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం వస్తుంది. సౌదీలో జెద్దా, మక్కాలలో సంపూర్ణం, మన యూఏఈలో పాక్షికం. ఆ రోజు ఎవరూ మామూలు టెలిస్కోప్ ఎత్తవద్దని ఇప్పటి నుంచే చెబుతున్నాం.

పచ్చ లేజర్ లైటు కూడా వద్దు. చుక్కలు చూపించడానికి బాగుంటుంది గాని, విమానాలు తిరిగే ఊళ్ళో అది ప్రమాదం, నేరం కూడా. అలాగే టెలిస్కోప్‌ను బిల్డింగుల వైపు, కిటికీల వైపు తిప్పవద్దు. మనం చంద్రుణ్ణి చూస్తున్నామని అవతలివారికి తెలియదు. ముందే వాచ్‌మన్‌కో క్యాంపు బాస్‌కో చెప్పి, వారికీ ఒకసారి చంద్రుణ్ణి చూపించండి. మా వాచ్‌మన్ రెండో రాత్రి నుంచి తనే ఒక లైటు ఆపేయడం మొదలుపెట్టాడు.

మిగతావి రూములోనే ఉన్నాయి

ఎర్ర లైటు: చీకటికి కన్ను అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు వేస్తే ఆ అలవాటు పోతుంది. టార్చికి ఎర్ర రంగు కాగితం చుట్టండి.

మంచు గొట్టం: ఇక్కడి తేమకు అద్దాల మీద నీరు పడుతుంది. పార్సిళ్ళలో వచ్చే ఫోమ్ షీట్‌ను గొట్టం ముందు బయటకు వచ్చేలా చుట్టి టేపు వేస్తే చాలు.

ఏసీ సంగతి: ఏసీ రూములోంచి బయటికి రాగానే కళ్ళద్దాలకు ఎలా ఆవిరి పడుతుందో దీనికీ అలాగే. మూతలు తీయకుండా అరగంట బయట ఉంచండి. తుడవకండి, దానంతట అదే పోతుంది.

దుమ్ము: బట్టతో తుడిస్తే ఇసుక అద్దాన్ని గీస్తుంది. కెమెరాలకు వాడే రబ్బరు బుడ్డితో ఊదాలి, నోటితో ఊదకూడదు.

చంద్రుడి ఫిల్టర్: చంద్రుడి వెలుగు కన్ను చెదరగొడుతుంది గాని హాని చేయదు. కొన్ని టెలిస్కోపుల ముందు మూతలో ఇంకో చిన్న మూత ఉంటుంది. అదొక్కటే తీసి చూస్తే వెలుగు తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం కొనండి: ఎర్ర చుక్క ఫైండర్‌లో వేసే సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ. ఆపడం మరిచిపోతే తెల్లారేసరికి అయిపోతుంది. ఒకటి అదనంగా ఉంచుకోండి.

అసలు టెలిస్కోప్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు ముందు ముష్రిఫ్ పార్కులోని అల్ తురయా ఆస్ట్రానమీ సెంటర్‌కు ఒకసారి వెళ్ళి రండి. టికెట్ ఉంటుంది. అక్కడ పెద్ద టెలిస్కోప్‌లో చూశాక కూడా ఆశ నిలబడితే అప్పుడు కొనుక్కోవచ్చు.

చివరి లెక్క

వెండి పెట్టె డబ్బు 180 దిర్హాములు మేము ముగ్గురం తలా 60 వేసుకుని అన్నకు ఇవ్వబోయాం. తీసుకోనన్నాడు. "నేర్చుకున్నరు గదా, అది నా బిడ్డకు రాసి పంపుండ్రి, చాలు" అన్నాడు. పైన చెప్పిన సంగతులన్నీ తెలుగులో నాలుగు పేజీలు రాసి ఇచ్చాం. డబ్బు మాత్రం ఆయన పెట్టె సర్దేటప్పుడు ఆ పేజీల మధ్యలో పెట్టేశాం.

మే మొదటి వారంలో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. సగం చంద్రుడు ఉన్న రోజులే. బ్యాటరీ ఊళ్ళోనే కొన్నారట. వాకిట్లో అన్న రసమట్టంతో స్టాండు నిలబెట్టాడు. ఎంతకీ అలైన్‌మెంట్ కావడం లేదట. ఫోన్ ఆ అమ్మాయి తీసుకుంది.

"బాబాయ్, నాన్న దుబాయ్ టైమే ఉంచిండు. మీ కాగితం చూసి నేను మార్చిన. ఇప్పుడు అయింది. మా వాడకట్టోళ్ళంతా లైన్ల ఉన్నరు, మళ్ళ చేస్తా" అని పెట్టేసింది.